చేసి చూద్దాం: తోకమీద కూర్చున్న విమానం



చాలా ఏళ్ళ కిందట నేను మొట్టమొదటిసారిగా ఒక జెట్ విమానం బొమ్మ చేశాను. రెండు వారాలపాటు కర్ర చెక్కాను, రుద్దాను, వెండి రంగు వేశాను. దానికి మూడు చక్రాలు: ముక్కు కింద ఒకటి, రెక్కల కింద రెండు. రంగు ఆరిన తరవాత బల్లమీద నిలబెట్టి ఇంట్లో అందరినీ పిలిచాను. వాళ్ళు వచ్చేసరికి నా విమానం ముక్కు పైకెత్తి, కుక్కపిల్లలాగా తోకమీద చతికిలబడి ఉన్నది! ముక్కును వేలితో నొక్కితే కిందికి దిగుతుంది, వేలు తీస్తే మళ్ళీ లేస్తుంది.

అందరూ నవ్వారు. మా నాన్నగారు మాత్రం నవ్వలేదు. "అసలు విమానం ఇలా కూర్చోదు గదా! దాని ముక్కులో ఉన్నదేమిటి, నీ బొమ్మలో లేనిదేమిటి?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవటానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు అంత సేపు పట్టకూడదని ఈ నెల ఆ విమానాన్నే మీచేత చేయిస్తున్నాను. దాని పేరు వాంపైర్. ఇంగ్లండులో పుట్టిన తొలి జెట్ యుద్ధవిమానాలలో అది ఒకటి.

బొమ్మ చెయ్యబోయే ముందు అసలు వస్తువు ఆకారం అలా ఎందుకున్నదో తెలుసుకోవాలి. తెలియకుండా చేసిన బొమ్మ పోలికగా ఉంటుందేమో కాని, సరిగా ఉండదు.

జెట్ కథ

ఒక బూరను గాలితో నింపి, మూతి కట్టకుండా వదిలి చూడండి. గాలి వెనక్కు తన్నుకుని వస్తుంది, బూర ముందుకు దూసుకుపోతుంది. జెట్ విమానం కూడా అంతే. ముందునుంచి గాలిని లోపలికి లాక్కుని, దాన్ని బాగా నొక్కి, అందులో ఇంధనం చల్లి మండిస్తుంది. మండిన వేడి వాయువు వెనక గొట్టంలోనుంచి మహా వేగంగా బయటికి పోతుంది. విమానం ముందుకు పోతుంది. ముక్కున తిరిగే పంకాతో పని లేదు.

ఇంగ్లండులో ఈ యంత్రాన్ని తలపెట్టినవాడు ఫ్రాంక్ విటిల్. ఆయన క్రాన్‌వెల్ అనే చోట విమానదళం కాలేజీలో చదివేటప్పుడే, 1928లో, రాబోయే కాలంలో విమానాలు ఎలా ఉంటాయో ఒక వ్యాసం రాశాడు. 1930లో జెట్ యంత్రానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్ళు. ఇది అయ్యే పని కాదని ప్రభుత్వంవారు పట్టించుకోలేదు. 1935లో ఆ పేటెంటును కొనసాగించాలంటే 5 పౌన్ల రుసుము కట్టాలి. విటిల్ దగ్గర అంత డబ్బు లేదు, ప్రభుత్వం కట్టలేదు. పేటెంటు కాస్తా చెల్లిపోయింది!

అయినా విటిల్ వదలలేదు. తెలిసినవాళ్ళ సాయంతో 1936లో ఒక చిన్న కంపెనీ పెట్టి, 1937 ఏప్రిల్ 12న తన యంత్రాన్ని మొదటిసారి నడిపించాడు. ఈలోగా జర్మనీలో కూడా ఇదే ప్రయత్నం సాగింది. లోకంలో మొట్టమొదటి జెట్ విమానం 1939 ఆగస్టు 27న అక్కడే ఎగిరింది. విటిల్ యంత్రం అమర్చిన గ్లాస్టర్ విమానం 1941 మే 15న గాలిలోకి లేచి 17 నిమిషాలు ఎగిరింది. ఎక్కడనుకున్నారు? క్రాన్‌వెల్‌లోనే! పదమూడేళ్ళ కిందట కుర్రవాడుగా వ్యాసం రాసిన చోటనే ఆయన తన విమానం ఎగరటం కళ్ళారా చూశాడు. ఆ విమానాన్ని లండనులోని సైన్సు మ్యూజియంలో భద్రపరిచారు.

ఆకారం అలా ఎందుకున్నది?

ఆ తొలి యంత్రాలకు బలం తక్కువ. అందుచేత గ్లాస్టర్ కంపెనీవారు తమ తరవాతి విమానం మీటియర్‌కు రెండు రెక్కలలో రెండు యంత్రాలు పెట్టారు. అది 1943 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. 1944లో బ్రిటిషు విమానదళంలో చేరి, లండను మీదికి జర్మనీ వదిలే మరబాంబులను ఎదుర్కొన్నది.

డి హావిలాండ్ కంపెనీవారు మరొక దారి పట్టారు. వారి వాంపైర్ 1943 సెప్టెంబరు 20న ఎగిరింది. దానికి ఒకటే యంత్రం, పేరు గాబ్లిన్. అది రూపొందించినవాడు ఫ్రాంక్ హాల్‌ఫర్డ్. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం జోరుగా తిప్పితే మజ్జిగ కుండ అంచులకేసి విసురుగా పోతుంది చూశారా? గాబ్లిన్‌లో గాలిని నొక్కే చక్రం కూడా అలాగే గాలిని నడిమినుంచి అంచులకు విసురుతుంది. అందుకని ఆ యంత్రం పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ. అడ్డంగా కొలిస్తే నాలుగడుగులు దాటుతుంది. అంత యంత్రం పట్టాలి గనకనే వాంపైర్ పొట్ట కోడిగుడ్డులాగా గుండ్రంగా ఉంటుంది.

పొడుగాటి గొట్టంలో ఊదితే చివరికి వచ్చేసరికి ఊపు తగ్గిపోతుంది. అసలే బలం తక్కువగా ఉన్న యంత్రం, ఉన్న ఊపు గొట్టంలోనే పోతే ఎలా? కాబట్టి వెనక గొట్టాన్ని పొట్టిగా ఉంచారు. గొట్టం పొట్టి అయితే పొట్ట కూడా పొట్టి. మరి తోకను దేనికి తగిలించాలి? రెక్కలనుంచి రెండు పొడుగాటి బొంగులలాంటివి వెనక్కు తీసి, వాటి చివర తోకను అమర్చారు. వాంపైర్‌కు రెండు తోకలున్నట్టు కనిపించటానికి కారణం ఇదే.

మరొక విశేషం చెబుతాను, వినండి. రెక్కలూ తోకా అల్యూమినియంతో చేసినవే, కాని పైలెట్ కూర్చునే ముందు పొట్ట మాత్రం కర్రతో చేశారు! పలుచని ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా అనే తేలిక కర్రను ఉంచి, బంకతో అంటించారు. గంటకు 500 మైళ్ళు దాటి పరుగెత్తే జెట్ విమానంలో కర్ర! డి హావిలాండ్ వడ్రంగులు అంతకుముందు మస్కిటో అనే విమానాన్ని అలాగే కట్టారు. చేతికి బాగా వచ్చిన పనిని వాళ్ళు కొత్త విమానానికి కూడా ఉపయోగించారు. కనక మీరు కర్రతో వాంపైర్ చేస్తే అది ఒట్టి నటన కాదు. అసలు విమానం పద్ధతినే కొంతవరకు పాటించినట్టు.

72 వంతుల లెక్క

ప్రపంచమంతటా విమానాల బొమ్మలు చేసేవారు ఎక్కువగా 72లో ఒక వంతు కొలతను పాటిస్తారు. ఎందుకో తెలుసా? ఆరడుగులంటే 72 అంగుళాలు. అంటే అసలు విమానంలో ఆరడుగులు బొమ్మలో ఒక అంగుళం అవుతుంది. ఆరడుగుల పైలెట్ అంగుళం మనిషి అవుతాడు. అడుగులలో ఉన్న ఏ కొలతనైనా 6తో భాగిస్తే బొమ్మ కొలత అంగుళాలలో వస్తుంది.

ఎక్కువగా వాడుకలోకి వచ్చిన వాంపైర్ రకం రెక్కల పొడవు ఈ చివరినుంచి ఆ చివరికి 38 అడుగులు. బొమ్మలో 6 అంగుళాల పైన మూడో వంతు, అంటే ఇంచుమించు 16 సెంటీమీటర్లు. ముక్కునుంచి తోకదాకా 30 అడుగుల 9 అంగుళాలు. బొమ్మలో 13 సెంటీమీటర్లు.

మరి బరువు సంగతి? ఇంధనం లేకుండా అసలు విమానం సుమారు 3,300 కిలోలు. దాన్ని 72తో భాగిస్తే 46 కిలోలు వస్తుంది! అరచేతిలో పట్టే బొమ్మ 46 కిలోలుంటుందా? తప్పెక్కడ జరిగింది?

నాలుగు పాచికలు పక్కపక్కన చదరంగా పేర్చి, వాటిమీద మరి నాలుగు పెట్టండి. ఒక పాచికకు పొడవులో, వెడల్పులో, ఎత్తులో రెండింతలుండే పెద్ద పాచిక తయారవుతుంది. కాని బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. అదేవిధంగా కొలతలు 72 వంతులు తగ్గితే, బరువు 72ను మూడుసార్లు హెచ్చించినన్ని వంతులు తగ్గాలి. ఆ హెచ్చింపు చేస్తే 3,73,248 వస్తుంది. ఈ లెక్కన మీ బొమ్మ 9 గ్రాములకన్న కాస్త తక్కువ తూగాలి! కర్ర బొమ్మ అంతకంటె బరువే ఉంటుంది. ఫరవాలేదు. మనకు కావలసింది మొత్తం బరువు కాదు, ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నది. అక్కడికే వస్తున్నాను.

ఇక పని మొదలు

ముందుగా వాంపైర్‌ను పైనుంచి, పక్కనుంచి, ఎదటినుంచి చూపే పటం సంపాదించండి. గ్రంథాలయంలో విమానాల పుస్తకంలో దొరకవచ్చు, లేదా పెద్దవాళ్ళ ఫోనులో వెతకవచ్చు. గళ్ళ కాగితంమీద పైన చెప్పిన కొలతకు సరిపడేటట్టు గీసుకోండి. ఈ పనికి ఒక పూట పట్టినా తొందరపడకండి. కర్ర కోసిన తరవాత దిద్దటం కష్టం.

బాల్సా దొరికితే సరే. దొరకకపోతే కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర దివ్యంగా ఉంటుంది. అది కూడా తేలికే, మెత్తనిదే. కత్తితో, రంపంతో చేసే పని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోపెట్టుకునే చెయ్యాలి. కత్తిని ఎప్పుడూ మీకు ఎదురుగా లాక్కోకుండా అవతలికి నడిపించండి.

పొట్టకు ఒక దిమ్మ తీసుకుని, పక్క పటం ప్రకారం ఒకసారి, పై పటం ప్రకారం ఒకసారి కోసి, అంచులు గుండ్రంగా చెక్కి, ఆకురాయితోనూ తరవాత సాండ్‌పేపరుతోనూ నున్నగా రుద్దండి. పటంలోనుంచి సగం ఆకారాన్ని అట్టమీద కత్తిరించుకుని మధ్యమధ్య పొట్టకు ఆనించి చూస్తూ ఉంటే ఎక్కడ ఎక్కువ ఉన్నదీ తెలిసిపోతుంది.

రెక్కలకు అరసెంటీమీటరు మందం పలక చాలు. పొట్ట దగ్గర మందంగాను, చివరలకు పోనుపోను పలుచగాను రుద్దాలి. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు సన్నంగా ఉండాలి. రెక్క పొట్టను కలిసే చోట గాలి లోపలికి పోయే సందులుంటాయి. వాటిని కొద్దిగా తొలిచి నల్ల రంగు వేస్తే చాలు. వెనక బొంగులు పెన్సిలుకన్న సన్నంగా ఉండి, వెనక్కు పోయినకొద్దీ ఇంకా సన్నబడాలి. తోక పలకలకు గట్టి అట్ట సరిపోతుంది.

పైలెట్ గదిమీది గాజు మూతకు ఒక ఉపాయం ఉన్నది. క్యాప్సూల్ మాత్రలు వచ్చే అట్టమీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బుడగలుంటాయి గదా? ఖాళీ అయిన బుడగను కత్తిరించి పెడితే అచ్చు గుద్దినట్టు ఉంటుంది.

అంటించేటప్పుడు కంటిని నమ్మకండి, దారాన్ని నమ్మండి. ముక్కు కొసనుంచి కుడి రెక్క చివరకు దారంతో కొలిచి, అదే దారం ఎడమ రెక్క చివరకు సరిపోతున్నదో లేదో చూడండి. రెండు బొంగుల మధ్య దూరం ముందూ వెనకా ఒకటే ఉండాలి. బంక ఆరకముందే ఈ పరీక్షలు చెయ్యాలి సుమా!

కావడి బద్ద

ఇక మా నాన్నగారి ప్రశ్నకు జవాబు.

కావడి మోసేవాణ్ణి చూడండి, లేదా చూసినవాళ్ళను అడగండి. రెండు వైపులా సమంగా బరువుంటే బద్ద నడిమి భాగం భుజంమీద ఆనుతుంది. ఒక వైపు బరువెక్కువైతే వాడు భుజాన్ని ఆ బరువుకు దగ్గరగా జరుపుకుంటాడు. తక్కువ బరువైనా దూరంగా ఉంటే, దగ్గరున్న ఎక్కువ బరువుతో సరితూగుతుందన్నమాట.

మీ విమానానికి రెక్కల కింది రెండు చక్రాలే భుజం. తోక ఆ చక్రాలకు చాలా దూరంగా ఉన్నది. ముక్కు దగ్గరగా ఉన్నది. అసలు విమానంలో తోక లోపల డొల్ల. ముందు పొట్టలోనేమో పైలెట్, నాలుగు ఫిరంగులు, వాటి గుండ్లు, రేడియో ఉండేవి. ఆ బరువే ముక్కును నేలకు దించి ఉంచేది. మన బొమ్మలో తోక కూడా నిండు కర్రే, ముక్కు కూడా నిండు కర్రే. అందుకే తోక నెగ్గుతుంది.

ఎంత బరువు పెట్టాలో లెక్క కట్టవచ్చు. తోక వైపు అదనంగా ఉన్న బరువు 2 గ్రాములు, అది చక్రాలకు 6 సెంటీమీటర్ల వెనక ఉన్నదనుకోండి. రెండును ఆరుతో హెచ్చిస్తే 12. ముక్కులో బరువు చక్రాలకు 4 సెంటీమీటర్ల ముందు పెడతామనుకోండి. పన్నెండును నాలుగుతో భాగిస్తే 3. అంటే 3 గ్రాములతో సరిగ్గా తూగుతుంది. మరొక గ్రాము కలిపితే ఎవరైనా తుమ్మినా ముక్కు లేవదు.

సైకిలు వెనక చక్రంలో వేసే పావు అంగుళం ఉక్కు గుండు ఒక్కొక్కటి ఇంచుమించు ఒక గ్రాముంటుంది. రెక్కలు, తోక అంటించిన తరవాత, రంగు వెయ్యకముందు, చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ళమీద విమానాన్ని ఆనించి పట్టుకోండి. ముక్కు కింద మైనంతో గుండ్లు ఒక్కొక్కటే అంటించి చూడండి. ముక్కు నిదానంగా కిందికి దిగిన క్షణంలో ఎన్ని గుండ్లు పట్టాయో లెక్కపెట్టి, ఇంకొకటి కలపండి. ముక్కు అడుగున బరమాతో తొలిచి, గుండ్లు లోపల పెట్టి, లప్పంతో పూడ్చి రుద్దెయ్యండి. కొందరు సీసం వాడతారు. మీరు వాడవద్దు, సీసం విషం.

నేను ఈ పని రంగు వేశాక చెయ్యవలసివచ్చింది. ముక్కు పగలగొట్టి, మళ్ళీ అంతా మొదలుపెట్టాను!

రంగులు, ఒక జ్ఞాపకం

రంగు వెండిదే వెయ్యండి. బ్రిటిషు విమానమైతే రెక్కలమీద బయట నీలం, నడుమ తెలుపు, మధ్య ఎరుపు చక్రాలు దిద్దండి. కాని మీరు మన దేశపు గుర్తు కూడా దిద్దవచ్చు: బయట ఆకుపచ్చ, నడుమ తెలుపు, మధ్య కాషాయం. ఎందుకంటే మన వాయుసేనలో మొట్టమొదటి జెట్ విమానం వాంపైరే. 1948లో మన దేశానికి వచ్చింది. తరవాత బెంగుళూరులోని హిందుస్థాన్ విమానాల కర్మాగారంలో తయారయింది. 1960లలో మన హైదరాబాదు పక్కన హకీంపేటలో యువకులు జెట్ నడపటం నేర్చుకున్నది ఇద్దరు కూర్చునే వాంపైర్లమీదనే. ఆ రోజుల్లో సికిందరాబాదు పిల్లలు తల ఎత్తితే ఈ రెండు తోకల విమానం కనిపించేది.

1965 సెప్టెంబరు 1న, పాకిస్తానుతో యుద్ధంలో, ఛంబ్ ప్రాంతంలో శత్రువుల ట్యాంకులను ఆపటానికి మన వాంపైర్లు వెళ్ళాయి. అప్పటికి ఆ విమానం పుట్టి 22 ఏళ్ళయింది. ఎదురుగా వచ్చిన సేబర్ జెట్లు దానికన్న చాలా వేగమైనవి. ఆ సాయంత్రం నాలుగు వాంపైర్లు కూలిపోయాయి. ముగ్గురు పైలెట్లు తిరిగి రాలేదు. ఆ తరవాత వాంపైర్లను యుద్ధరంగం ముందువరసకు పంపలేదు.

ఈ సంగతి మిమ్మల్ని భయపెట్టటానికి చెప్పలేదు. బొమ్మ ముక్కులో గుండ్లు పెట్టేటప్పుడు, అసలు విమానంలో ఆ చోట ఒక మనిషి కూర్చునేవాడని గుర్తుంచుకోవాలని చెప్పాను. వీలైతే మైనంతో పైలెట్‌ను చేసి లోపల కూర్చోపెట్టండి. నిలబడితే అంగుళమే ఉంటాడు. కాని అతను లేని విమానం పూర్తి అయినట్టు కాదు.

ఇక మీకు రెండు ప్రశ్నలు. తొలి మీటియర్ రెక్కల పొడవు 43 అడుగులు. 72వ వంతు బొమ్మలో అది ఎన్ని అంగుళాలు? మీటియర్‌కు యంత్రాలు రెక్కలలో ఉన్నాయి గదా, దాని తోకకు వాంపైర్‌లాగా రెండు బొంగులు ఎందుకు అవసరం కాలేదు? ఆలోచించి కాగితంమీద రాసుకోండి. జవాబులు వచ్చే నెల చెబుతాను. ఈలోగా మీ వాంపైర్ మూడు చక్రాలమీద నిలబడాలి!